రేపటి కూర సిద్ధాంతం

మా ఇంట్లో నేర్చుకోవడం గురించి శాస్త్రం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎంత చెప్పినా నేర్చుకోని మనిషి ఎవరని అడిగితే మాత్రం ఇంటిల్లిపాదీ నా వైపే చూస్తారు. ఈ రెండు కీర్తులూ ఒకే మనిషికి ఎలా దక్కాయో దాచకుండా చెప్పేస్తాను.

మాది వెంకటమ్మనహళ్లి. పావగడ తాలూకా, తుమకూరు జిల్లా, కర్ణాటక. మ్యాపు చూస్తే మా తాలూకాకు మూడు పక్కలా ఆంధ్రానే. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, బ్యాంకులో రెండూ కలిపి. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, ఊళ్లో 'లెక్కల మేష్ట్రు' అంటారు. యాభై దగ్గరపడ్డాక మగవాడికి ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరికి శని మహాత్మ గుడి ప్రదక్షిణలు, కొందరికి సైట్ల బేరాలు. నాకు స్టాటిస్టికల్ లెర్నింగ్ థియరీ పట్టుకుంది. బెంగుళూరులో ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి ఫోన్లో "మెషీన్ లెర్నింగ్" అన్నప్పుడల్లా నేను "ఆఁ, తెలుసు తెలుసు" అంటూ నెట్టుకొచ్చాను. ఒకనాడు అది "ఏం తెలుసు నాన్నా?" అనేసింది. ఆ రాత్రే ఫోన్లో పాఠాలు మొదలుపెట్టాను. పునాదులు, అనువర్తనాలు అని రెండు భాగాలు. ఆ మాట వినగానే మా ఆవిడ పెరట్లోకి చూసింది. స్నానాల గదికని నేను పునాది తవ్వించి వదిలేసిన చోట పిచ్చిమొక్కలు నడుము దాకా పెరిగి ఉన్నాయి. "పునాదుల వరకూ మీకు ఢోకా లేదులే" అంది.

ఇది నాకు వచ్చి తీరుతుందన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పాలి. సి.ఆర్. రావు గారి నుంచి. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా, ఇప్పుడు కర్ణాటక. తెలుగింటి బిడ్డ, కన్నడ నేల. అచ్చం నేనే! ఆయన 1945లో, పాతికేళ్ల ప్రాయంలో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం రాశారు. చేతిలో ఇంత డేటా ఉంటే, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఇంతకు మించి కచ్చితంగా ఉండడం అసాధ్యమని అందులో హద్దు గీశారు. క్రామర్–రావు హద్దు అని లోకమంతా చదువుకుంటున్నది దాన్నే. క్లాసులో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబుగా రాత్రికి రాత్రే దాన్ని సాధించారని చెబుతారు. నా క్లాసులోనూ పిల్లలు ప్రశ్నలడుగుతారు. "సిలబస్‌లో లేదు, కూర్చో" అంటాను.

సరే, కర్ణాటకలో పుట్టిన తెలుగాయన గణాంకశాస్త్రంలో అంత ఎత్తుకు ఎదిగాడు, నేనూ కర్ణాటకలో పుట్టిన తెలుగువాణ్ణే, కాబట్టి... ఒక్క నమూనాను పట్టుకుని లోకానికంతా సూత్రం అల్లకూడదని చెప్పే శాస్త్రంలోకి, సరిగ్గా ఒక్క నమూనాను పట్టుకునే దిగానన్నమాట.

రావు గారిని చిన్నప్పుడు వాళ్లమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదట. ఆయనే ఒక పుస్తకాన్ని ఆమెకు అంకితమిస్తూ రాసుకున్నారు. మా అమ్మ కూడా నన్ను నాలుగింటికే లేపుతుంది. త్రీఫేజు కరెంటు వచ్చే వేళ అది, మోటరు వెయ్యాలి. మా తాలూకాలోనే తిరుమణి చుట్టుపక్కల 13,000 ఎకరాల్లో, 2050 మెగావాట్ల సోలారు పార్కు ఉంది. పగలంతా ఎండలోంచి అంత కరెంటు పుట్టే సీమలో నేను చీకట్లో టార్చిలైటు పట్టుకుని స్టార్టరు పక్కన నిలబడి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాఠాలు విన్నాను. మొదటి పాఠంలోని ప్రశ్న నన్ను నిలబడ్డచోటే కట్టిపడేసింది. చూసిన నాలుగింటిని బట్టి చూడని నాలుగు వందల గురించి మాట్లాడే హక్కు మనకెవరిచ్చారు? కట్టిపడేయబట్టి ఆవేళ మోటరు వెయ్యడం మరిచిపోయాను, అది వేరే సంగతి.

ఆ హక్కుకు వెల కట్టినవాడు వాసిలీ హోఫ్డింగ్. 1963లో ఆయనిచ్చిన ఒక అసమానత ఈ శాస్త్రంలో అడుగడుక్కీ తగులుతుంది. ఎన్ని నమూనాలు చూస్తే, ఎంత తేడాలోపు, ఎంత నమ్మకంతో మాట్లాడవచ్చో అది చెబుతుంది. చేతిలో సూత్రం పడ్డాక ఊరుకుంటానా? ముందు మా అమ్మ మీదే ప్రయోగించాను.

అమ్మ వానలు చెబుతుంది. పడమటి గాలి, చీమల బారు, సాయంత్రం మబ్బుల రంగు చూసి "ఈ కార్తె వట్టిదే" అనో "దుక్కి చేసి పెట్టుకో" అనో అంటుంది. ఆమె మాట నూటికి ఎన్నిసార్లు నిజమవుతుందో 5 శాతం తేడాలోపు, 95 శాతం నమ్మకంతో తేల్చాలనుకున్నాను. సూత్రం ప్రకారం కావలసిన నమూనాలు 738. వాన లెక్కకు పనికొచ్చే కార్తెలు మృగశిర నుంచి విశాఖ దాకా ఏడాదికి పన్నెండు. భాగించాను. నోటుపుస్తకం పట్టుకుని వసారాలోకి వెళ్లి, "అమ్మా, నీ మాట నమ్మొచ్చో లేదో చెప్పాలంటే ఇంకా అరవై ఒకటిన్నర ఏళ్లు చూడాలి" అన్నాను.

అమ్మ చేటలో రాగులు చెరుగుతూ తలెత్తలేదు. "అంతవరకూ చెనిక్కాయ విత్తకుండా పెట్టుకుంటావా ఏంరా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా హోఫ్డింగ్ లెక్క నిలవాలంటే ఒక నమూనాకూ మరో నమూనాకూ సంబంధం ఉండకూడదు. అమ్మ జోస్యమంతా ఆ సంబంధం మీదే నడుస్తుంది. రోహిణి ఎండకూ ఆరుద్ర వానకూ లంకె పెడుతుంది ఆమె. నేను 738 నమూనాలు కూడగట్టినా ఆ సూత్రం నాకు అక్కరకు రాదని రెండో పాఠంలో తెలిసింది. అమ్మకు చెప్పలేదు.

ఇంతలో పంటకోత ప్రయోగం మా చేలోనే పడింది. 2016 ఖరీఫ్ నుంచి వచ్చిన ఫసల్ బీమాలో, ప్రధాన పంటకు పంచాయితీకి కనీసం నాలుగు చోట్ల పంట కోసి తూచి, ఆ సగటును బట్టి రైతులందరి నష్టమూ లెక్కగడతారు. ఏ సర్వే నంబరు, అందులో ఏ చోటు అన్నది మనుషుల ఇష్టానికి వదలరు. యాదృచ్ఛిక సంఖ్యలు చూసి, పొలం మూల నుంచి పొడవుకు ఇన్ని అడుగులు, వెడల్పుకు ఇన్ని అడుగులు వేసి, అక్కడ గూటం కొడతారు. అక్కణ్ణుంచి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు తాడుతో గుర్తు పెట్టి, అందులోని చెట్లన్నీ పీకి కాయలు తూస్తారు.

వచ్చిన సిబ్బందికి నేను మజ్జిగ ఇచ్చి, దాంతోపాటు ఉపన్యాసమూ ఇచ్చాను. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్, బెంగాల్ జనపనార పంటను ఇలా నమూనాలతోనే ఎలా అంచనా కట్టాడో చెప్పాను. మన సి.ఆర్. రావు గారు 1941లో అక్కడికే చేరారని చెప్పాను. నమూనా ఎంచడంలో మనిషి చెయ్యి పడితే సిద్ధాంతమంతా గంగలో కలిసినట్టేనని, అందుకే ఆ సంఖ్యల పట్టిక పవిత్రమైనదని ముగించాను. ఆ పవిత్రమైన పట్టిక తీసుకెళ్లి గూటాన్ని ఎక్కడ కొట్టించిందంటే, బోరు కాలువ కారి తడిసే చోట! చేనంతటిలో పచ్చగా, గుబురుగా ఉన్నది ఆ ఒక్క మూలే. మిగతా చేను ఎండి గలగలమంటోంది.

"అమ్మా, ఆ గూటాన్ని కొంచెం గట్టు వైపు జరిపితే..." అన్నాను.

తాడు పట్టుకున్న అమ్మాయికి పాతికేళ్లుండవు. "సార్, చెయ్యి పడకూడదని ఇప్పుడే కదా మీరు చెప్పిండేది?" అంది.

గట్టు మీద కూర్చున్న మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చాక అసలు దెబ్బ కొట్టింది. "మా అత్త మాటకు ఏడు వందల ముప్పై ఎనిమిది కావాలంటిరి. పంచాయితీ పంటంతా నాలుగు తావుల్లో తేలిపోతే మీకు ఒక్క అనుమానమూ రాలేదు. తావు మార్చమని మాత్రం అడిగిరి." నాలుగు చాలవని నేను ఇప్పటికీ అంటాను. కాని నేను గట్టు పక్కన వేలుపెట్టి చూపించిన చోట నాలుగు వందలసార్లు కోసినా, ఆ నాలుగింటి పాటి నిజం రాదు. ఈ ముక్క మా ఆవిడతో అనలేదు. అని ఉంటే, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసునని ఒప్పుకున్నట్టు అయ్యేది.

ఇక వీసీ డైమెన్షన్. ఈ శాస్త్రానికి ఆయువుపట్టు ఇదే, మా ఇంట్లో నా పరువు పోయిందీ దీనితోనే. మాస్కోలో వ్లదీమిర్ వాప్నిక్, అలెక్సేయ్ చెర్వొనెంకిస్ అనే ఇద్దరు 1960లలో దీన్ని పట్టుకున్నారు. వాళ్ల పెద్ద వ్యాసం 1971లో వెలువడింది. వాళ్లు అడిగింది ఏమిటంటే, నేర్చుకునేవాడి దగ్గర ఊహలు ఎన్ని ఉన్నాయని కాదు, ఆ ఊహలు ఎన్ని రకాల సాక్ష్యానికి ఒదిగిపోగలవని. కొన్ని చుక్కలు తీసుకుని వాటికి ఇష్టమొచ్చినట్టు రెండు రంగులు వేయండి. ఎలా వేసినా సరే, రంగులు విడగొట్టే ఊహ ఒకటి మీ దగ్గర దొరుకుతుందా? అలా ఎన్ని చుక్కల దాకా నెగ్గుకురాగలరో అదే మీ వీసీ డైమెన్షన్. నేల మీద తిన్నని గీతలు గీయడమే మీ విద్య అయితే మీ అంకె మూడు. ఒకే వరుసలో లేని మూడు చుక్కలకు ఏ రంగులేసినా గీతతో విడదీయవచ్చు. నాలుగైతే ఎక్కడో ఒకచోట చిక్కుపడతారు.

ఇది చెబితే అర్థం కాదని, చేసి చూపిద్దామని అరుగు మీద కూర్చున్నాను. చతురస్రంగా నాలుగు మూలలు. ఒక ఎదురెదురు మూలల్లో పొట్టుతో ఉన్న చెనిక్కాయలు రెండు, ఇంకో ఎదురెదురు మూలల్లో ఒలిచిన గింజలు రెండు. చేతిలో చీపురుపుల్ల. "ఈ పుల్ల ఎట్లా పెట్టినా సరే, కాయలు ఒక పక్కకూ గింజలు ఇంకో పక్కకూ రావు, చూడండి" అని పుల్లను అటు తిప్పి, ఇటు తిప్పి, ఏటవాలుగా పెట్టి చూపిస్తున్నాను. మా ఆవిడ శ్రద్ధగానే చూస్తోంది. అమ్మ కాసేపు చూసి, వంగి, ఒక గింజ తీసుకుని నోట్లో వేసుకుంది.

"ఇప్పుడు పెట్టు. పడతాది."

పడింది. మూడు చుక్కలకు గీత పడి తీరుతుందని ఆ రష్యా వాళ్లు చెప్పింది సరిగ్గా అదే. "ఏందోలే, బిడ్డ కష్టపడతాండాడు, అడ్డమొచ్చినదాన్ని తినేస్తి" అని అమ్మ మా ఆవిడకు చెప్పుకుంది.

పరువు పోయింది ఆ తర్వాత. వీసీ అంకె పెరిగేకొద్దీ నేర్చుకోవడానికి కావలసిన నమూనాలూ పెరుగుతాయని, అంకె అనంతమైతే ఎన్ని లక్షల నమూనాలు చూపించినా నేర్చుకుంటాడన్న హామీ లేదని వివరించాను. ఏ సాక్ష్యం ఎదురొచ్చినా సర్దుకుపోయే ఊహల మూటను, ఏ సాక్ష్యమూ సరిదిద్దలేదు. తప్పని తేలే వీలు లేని సిద్ధాంతం శాస్త్రం కాదని కార్ల్ పాపర్ అన్నదాన్ని కూడా వాప్నిక్ 1995 నాటి తన పుస్తకంలో దీనికి ముడివేశాడు. ఇదంతా చాలా బాగా చెప్పాను. మరీ అంత బాగా చెప్పకుండా ఉండాల్సింది.

మా ఆవిడ వేళ్లు మడిచింది. "పావగడ పోయి తొందరగా వస్తే, బస్సు దొరికింది. లేటయితే, బస్సు దొరకలేదు. చింతపండు తెస్తే, జ్ఞాపకముంది. తేకపోతే, ధర మండిపోతాంది. పిల్లకు మార్కులొస్తే, మీ పోలిక. రాకపోతే, పేపరు దిద్దినాయన సరిలేడు. పెళ్లయిననాటి నుంచి మీరు ఏమీ చెప్పలేక నిలబడిన దినం ఒక్కటీ లేదు." వేళ్లు అయిపోయాయి. "మీ అంకె ఎంత?"

అంత చక్కటి ఉదాహరణ నాకు ఏ వీడియోలోనూ కనబడలేదు. మెచ్చుకుందామనుకునే లోపలే నా నోటి నుంచి "అట్లా కాదు, అసలు సంగతేమంటే" అని వచ్చేసింది. ఇద్దరూ నవ్వారు. అనంతం రుజువైంది.

పునాదుల్లో ఇంత నష్టపోయాను గదా అని అనువర్తనాల్లోకి దూకాను. మా అమ్మాయి పాత ల్యాప్‌టాప్ ఉంది. సమస్య కూడా ఇంట్లోనే ఉంది, రేపు ఏం కూర? చాలాకాలంగా వండినవన్నీ మా ఆవిడను అడిగి, బిల్లులు చూసి, పుస్తకంలో ఎక్కించాను. ఏ వారం, సంత ఎప్పుడు, మిక్సీ వేళకు కరెంటు ఉందా, ఆకుకూరలామె వీధిలోకి వచ్చిందా, ముందురోజు ఈవిడ వాళ్లక్కతో ఫోన్లో ఎంతసేపు మాట్లాడింది, నా ఒంటి మీద చొక్కా ఏ రంగు, అన్నీ రాశాను. ప్రోగ్రాము ఒక నిర్ణయవృక్షాన్ని పెంచింది. కొమ్మలు, రెమ్మలు, ఉపరెమ్మలు. మంగళవారమై, కరెంటు పోయి, నేను నీలం చొక్కా వేసుకుని, అక్కతో పావుగంట దాటి మాట్లాడి ఉంటే వంకాయ. పాత రోజులన్నిటికీ నూటికి నూరు! అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

"కొత్త దినాలకు ఎంతొచ్చింది నాన్నా?" అంది.

కొత్త రోజులకు అది ఎంత ఘోరంగా తప్పిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. దాన్నే ఓవర్‌ఫిట్టింగ్ అంటారు. చెట్టు నా చొక్కాలను బట్టీ పట్టింది, వంటింటి గురించి ఏమీ నేర్చుకోలేదు.

ఈ పందెంలో అమ్మ కూడా దిగింది. రోజూ రాత్రి నేను నా అంచనా చదవగానే ఆమె తన అంచనా చెప్పేది. "పప్పు." సోమవారం, పప్పు. సంతరోజు, పప్పు. చుట్టాలొస్తే కూడా పప్పే. వారం మధ్యలో ఉర్లగడ్డ వండినా, పులగూర చేసినా, ఆదివారం కోడి కూర వండినా ఆమె చలించలేదు, మళ్లీ రాత్రికి "పప్పు" అంది. వాప్నిక్ లెక్కలో ఆమె ఊహల మూటలో ఉన్నది ఒక్కటే ఊహ, దాని వీసీ డైమెన్షన్ సున్నా. రాయలసీమకు ఆనుకున్న ఊళ్లో సంగటిలోకి ఎక్కువ రోజులు పప్పే కాబట్టి, ఆమె సగానికి పైగా నెగ్గుతూ వచ్చింది. నేను కొమ్మలు కత్తిరించి, చొక్కా రంగు తీసేసి, అక్క ఫోన్ తీసేసి చెట్టును చిన్నది చేసేకొద్దీ అది మెరుగైంది. నిజానికి అది నెమ్మదిగా మా అమ్మలాగా తయారవుతోంది. ఇంకొంచెం కత్తిరిస్తే మొద్దు మీద "పప్పు" అని ఒక్క మాటే మిగిలేది. నాలోని పరిశోధకుడు ఒప్పుకోలేదు.

అప్పుడు మా ఆవిడకు నా నోటుపుస్తకం దొరికింది. "ఓహో, మంగళవారం వంకాయా?" అని పైకే చదివింది. ఆనాటి నుంచి నా అంచనా ఏదైతే, అది తప్ప ఇంకేదైనా వండుతోంది. ఇక్కడితో హోఫ్డింగ్, వాప్నిక్ ఇద్దరూ చేతులెత్తేస్తారు. రేపటి రోజులు కూడా నిన్నటి రోజులు పుట్టిన చోటి నుంచే పుడతాయన్నది వాళ్ల షరతు. అంచనా వేసేవాడి పుస్తకం చదివి వంటచేసే మనిషి వాళ్ల సిద్ధాంతంలో లేదు.

కాని అలాంటి మనిషి కోసం వేరే సిద్ధాంతం ఉంది. నిక్ లిటిల్‌స్టోన్, మన్‌ఫ్రెడ్ వార్ముత్ అనే ఇద్దరు 1989లో చెప్పారు. రేపటి గురించి ఏమీ ఊహించుకోవద్దు. లోకం పగబట్టిందనే అనుకో. నీ చుట్టూ ఉన్న సలహాదారులందరికీ మొదట సమానంగా బరువు ఇవ్వు. ఎవరి మాట తప్పితే వాళ్ల బరువు సగం చెయ్యి. ఎక్కువ బరువు ఎటుంటే అటు నడువు. ఇట్లా చేస్తే, సలహాదారుల్లో అందరికంటే మేలైనవాళ్లు చేసిన తప్పులకు కొన్ని రెట్లు దాటి నువ్వు తప్పులు చేయవని వాళ్ల హామీ. నలుగురు సలహాదారులుండి, వాళ్లలో ఉత్తముడు పదిసార్లు తప్పితే, నీ తప్పులు 29కి మించవు. అవునా కాదా అన్న ప్రశ్నలకే ఆ లెక్క, కాబట్టి ప్రశ్నను "రేపు పప్పా, కాదా" అని మార్చుకున్నాను.

మా ఇంటికి నలుగురు సలహాదారులు. అమ్మ, ఫోన్లో మా అమ్మాయి, పిట్టగోడ మీద కాకి, నేను. కాకి అరిస్తే చుట్టాలొస్తారు, చుట్టాలొస్తే పప్పు ఉండదు, అరవకపోతే పప్పు. మా ఆవిడ పగ నా ఒక్కడి మీదే కాబట్టి మిగతా ముగ్గురి మాటలతో ఆమెకు పని లేదు. నాకు మాత్రం ప్రతిరోజూ బరువు సగమవుతోంది. పది తప్పులైతే వెయ్యిన్నీ ఇరవై నాలుగో వంతు మిగులుతుంది, నేను ఆ మజిలీ దాటి చాలా రోజులైంది. కాకి నాకంటే ఎన్ని రెట్లు పైన ఉందో లెక్కగట్టి, పట్టికలో ఆ పేజీ మడిచి పెట్టాను. ఈ పద్ధతిలో ఉన్న ఒక్క దయ ఏమిటంటే, ఎన్నిసార్లు సగం చేసినా ఎవరి బరువూ సున్నా కాదు. ఆ ధైర్యంతోనే ఈ రాత్రి కూడా నా అంచనా రాసి, మా ఆవిడకు కనబడకుండా బీరువా మీద పెట్టాను. పప్పు కాదు, గోరుచిక్కుడు. కారణాలు మూడు పేజీలు వచ్చాయి.